చెర్రీవుడ్‌లో ఢిండో

ఆ ఏడాది విదేశంలో, చెర్రీవుడ్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో సోమవారం వచ్చిందంటే చాలు, కొత్త ముఖాలు కనిపించేవి. ఒక అంతస్తు చాలక రెండోది కూడా తీసుకున్నారు. ఎవరు ఏ దేశం వాళ్లో ఒకరికొకరు తెలియాలని హెచ్‌ఆర్ వాళ్లు ఒక శుక్రవారం మధ్యాహ్నం విందు పెట్టారు. దేశానికొక బల్ల. ఇండియా బల్ల గిరీష్‌కి అప్పగించారు. అతను అనంతపురం జిల్లావాడు, టెస్టింగ్ టీమ్‌కి మేనేజరు.

అతని టీమ్‌లో బిమల తామాంగ్ అని నేపాలీ అమ్మాయి ఉంది. ఆ దేశంలోనే కార్లో అనే ఊళ్లో చదువు ముగించి వేసవిలోనే చేరింది. ఆఫీసు మొత్తంలో నేపాల్ నుంచి వచ్చింది ఆమె ఒక్కతే. ఒక్క మనిషికి బల్ల ఎందుకని ఆమెను ఇండియా బల్లలో కలిపేశారు.

“మోమోలు చెయ్యి బిమలా. అందరికీ తెలిసినవి, ఇట్టే అయిపోతాయి,” అన్నాడు గిరీష్.

“ఢిండో చేస్తాను, దాయ్,” అంది. అన్నా అని పిలవాల్సిన చోట ఆమె దాయ్ అంటుంది. “కోదో పిండి మరిగే నీళ్లలో పోసి గెలుకుతాం. గుంద్రుక్ పులుసుతో తింటాం. మా ఊళ్లో మోమోలు బజారుకి వెళ్లినప్పుడే. ఇంట్లో రెండు పూటలా ఢిండోనే.”

ఫోన్‌లో ఫొటో చూపించింది. ఇత్తడి పళ్లెంలో నల్లటి ముద్ద, పక్కన గిన్నెలో పలచటి పులుసు. గిరీష్‌కి చూడగానే తెలిసిపోయింది. కోదో అంటే రాగులు. అది సంగటి.

ఆ మాట పైకి అనలేదు. హైదరాబాదు హాస్టల్లో అతన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. ఊరినుంచి వచ్చేటప్పుడు అమ్మ కట్టిచ్చిన ముద్దను ఎవరో విప్పి చూశారు. ఆ రోజునుంచి చదువు అయ్యేదాకా అతని పేరు ‘సంగటి’. ఆ తర్వాత అతను దాన్ని ముట్టలేదు. గుంటూరు పిల్ల శ్రావ్యను చేసుకున్నాక ఇంట్లో ఆ ఊసే ఎత్తలేదు.

“చూడటానికి బాగుండదు బిమలా. ఎవరూ తినరు. నువ్వే బాధపడతావు.”

“ఎవరూ తినకపోతే నేను తింటాను,” అంది.

శుక్రవారం హోటల్ నుంచి బిర్యానీ వచ్చింది. బిమల ఇంటినుంచి పులుసు మాత్రం తెచ్చింది. ఆవాకు పులియబెట్టి, ఎండబెట్టి దాచుకునేదే గుంద్రుక్. దానితో కాచిన పులుసు అది. ఢిండో చల్లారితే గట్టిపడుతుంది కాబట్టి అప్పటికప్పుడు ఆఫీసు వంటగదిలోనే గెలకడం మొదలుపెట్టింది. ఎప్పుడూ ఇద్దరికి చేసే పిల్ల, ఇరవైమందికి పిండి పోసింది. అది చిక్కబడేసరికి గరిటె కదలలేదు. నున్నటి కరెంటు పొయ్యి మీద గిన్నె గిర్రున తిరిగిపోతోంది. వెనకాల ఇంకెవరో పొయ్యి కోసం ఎదురుచూస్తున్నారు. బిమల కళ్లలో నీళ్లు తిరిగాయి.

“దాయ్, కాస్త పట్టుకోండి.”

గిరీష్ గిన్నె పట్టుకుని లోపలికి చూశాడు. ఉండలు కట్టింది. మధ్యలో పిండి పచ్చిగానే ఉంది. ఒక్క క్షణం ఆగాడు.

“దించు. కింద పెట్టు,” అన్నాడు.

బూట్లు విప్పి నేలమీద కూర్చున్నాడు. గిన్నె చుట్టూ తువ్వాలు చుట్టి, రెండు పాదాల మధ్య బిగించి, చెక్క గరిటెను రెండు చేతులతో పట్టి గెలకసాగాడు. “వేణ్ణీళ్లు పొయ్యి. ఇంగొంచెం... సాలు, సాలు!” తెలుగులో అంటున్నానని అతనికి తెలియలేదు. బిమల మాత్రం సరిగ్గానే పోసింది.

తలుపు దగ్గర టీమ్ అంతా చేరింది. “సార్, ఏంటది?” అని హైదరాబాదు కుర్రాడు అభిజిత్ అడిగాడు.

“సంగటి. మా ఊర్లో దినామూ తింటాం. వీళ్లు ఢిండో అంటారంట,” అన్నాడు గిరీష్, చెమట తుడుచుకుంటూ. ఎవరో ఫొటో తీశారు. అతను వద్దనలేదు.

ఎగబడి తిన్నారని చెప్పలేం. చాలామంది చెంచాడు తీసుకుని, నమిలి నమిలి వదిలేశారు. “నమలకూడదు, ముంచి మింగెయ్యాలి,” అని బిమల చెబుతూనే ఉంది. బిల్డింగ్ పనులు చూసే మార్టిన్, ఆ దేశంవాడే, మాత్రం రెండోసారి పెట్టించుకున్నాడు. “మా నాయనమ్మ మొక్కజొన్న పిండితో ఇలాంటిదే చేసేది. స్టిరబౌట్ అంటాం. ఇంత గట్టిగా ఉండేది కాదులే. ఇది గ్రాండ్!” అన్నాడు.

గిరీష్ ఒక ముద్ద పులుసులో ముంచి మింగాడు. “మేము బియ్యం నూక కూడా వేస్తాం,” అన్నాడు.

“మాకు బియ్యం పండగలకే, దాయ్.”

ఇంకో ముద్ద పెట్టించుకున్నాడు. గిన్నెలో సగం మిగిలింది. దాన్ని బిమల తన ఇంటికి పట్టుకెళ్లింది.

సాయంత్రం ఇంట్లో చెప్పాడు. “డాడ్, ఆఫీస్‌లో ఫ్లోర్ మీద కూర్చున్నావా? సీరియస్లీ?” అని కూతురు వర్షిత పడీపడీ నవ్వింది. శ్రావ్య నవ్వలేదు.

“హైదరాబాదు హోటళ్లలో ఇప్పుడు దానికోసం క్యూ కడుతున్నారండీ. ఇన్నేళ్లు నాకెందుకు చెప్పలేదు? నవ్వుతాననుకున్నారా?”

“అనుకున్నా,” అన్నాడు.

“ఆ అమ్మాయిని ఆదివారం భోజనానికి పిలవండి, పిండి తెచ్చుకోమనండి,” అంది శ్రావ్య.

ఆదివారం శ్రావ్య ఓపిగ్గా నాలుగు ముద్దలు మింగింది. ఆపైన అన్నం వడ్డించుకుంది. “నాకు అన్నమే బాగుంటుంది గానీ బిమలా, ఈ పులుసు మాత్రం ఇంకొంచెం పొయ్యమ్మా,” అంది.