ఎరుపు గట్టు, నలుపు గట్టు

శబరి ఒడ్డున, దోర్నపాల్‌కి కాస్త దిగువనున్న ఆ ఊళ్ళో వానాకాలం పొద్దున్నే ఆడవాళ్ళందరికీ ఒకటే పని. తడిసిన వడ్లూ, ఆరని బట్టలూ, పుట్టగొడుగుల చాటలూ చంకన పెట్టుకుని ఇర్మా ముంగిటికి పోవడం. ఇర్మా గుమ్మం ముందు పీట వేసుకుని కూర్చుంటే ఆయన చుట్టూ నాలుగు చాపలంత మేర ఎండ పడుతుంది. ఊరంతా ముసురు పట్టినా అక్కడ మాత్రం ఎండే. నడుం పట్టేసి ఆయన లేచి లోపలికి పోతే ఎండ కూడా పోతుంది. ఎనభై ఏళ్ళ నడుం గంటన్నరకి మించి నిలవదు. అందుకే అందరూ చాటల్ని గబగబా తిరగేస్తారు.

రాజేశ్వరరావు సోలారు ప్యానెల్‌ని తెచ్చి ఆ ముంగిట్లోనే పెట్టాడు. ఎక్కడ పెట్టాలని అడగలేదు కూడా.

ఆయన కిరందుల్ గనిలో జీవితమంతా పనిచేసి రిటైరైన మనిషి. చివరి ఇరవై ఏళ్ళూ బ్యాటరీల షెడ్డులోనే. స్వస్థలం శ్రీకాకుళం వైపు. నోరు పెద్దది. "ఆ నోటితో ఊరికి పోతే ఊరు పారిపోద్ది," అని భార్య అప్పలనరసమ్మ అంటుంది. ఇర్మా కోడలు పొజ్జే ఫోను చేసి ఒక్క మాట చెప్పగానే సంచిలో పటకారు, మీటరు పడేసుకుని బస్సెక్కాడు.

పొజ్జే మొగుడు పోయాక పదకొండేళ్ళుగా రేవులో పడవ నడుపుతోంది. కిందటి ఏడు జారిపడి కుడి భుజం విరిగింది. ఎముక అతికింది గానీ అది ఇక తెడ్డు వేసే చెయ్యి కాదు. మహిళా సమూహం పేరు మీద ఒక కరెంటు మోటారు, రెండు బ్యాటరీలు, ఒక ప్యానెల్, ఒక ఛార్జింగు పెట్టె వచ్చాయి. పడవ వెనక తగిలిస్తే నీళ్ళలో చప్పుడు లేకుండా తిరిగే మోటారు. ఇచ్చినవాళ్ళు ఫోటో దిగి వెళ్ళిపోయారు. ఏ తీగ దేనికి కలపాలో చెప్పే మనిషిని మాత్రం ఎవరూ పంపలేదు. మూడు నెలలు ఆ పెట్టెల మీద కోడి గుడ్లు పొదిగింది. ఈలోగా పంచాయతీ సచివ్ సుక్రాం వచ్చి ఖరాఖండిగా చెప్పి పోయాడు. సంత రోజు పొద్దున్నించి సాయంత్రం దాకా పడవ ఆగకుండా నడవాలి. లేదంటే రేవు డీజిల్ పడవ వాళ్ళది. రేవు పోతే పొజ్జేకి పొలం లేదు, ఇంకో పని చేసే చెయ్యీ లేదు.

"సంత ఎప్పుడమ్మా?"

"ఎల్లుండి సారూ."

"ఎల్లుండి పెళ్ళి పెట్టుకుని ఇవాళ పిల్లని వెతుకుతున్నారేటి!" అని కసిరి, బ్యాటరీల ముందు గొంతుక్కూర్చున్నాడు. "చూడు. మోటారుకి ఇరవై నాలుగు ఓల్టులు కావాలి. ఒక్కో బ్యాటరీలో పన్నెండే ఉంటాయి. అందుకని దీని ఎర్ర బొడిపెని దాని నల్ల బొడిపెకి కలపాలి. ఎరుపూ ఎరుపూ, నలుపూ నలుపూ కలిపితే మళ్ళీ పన్నెండే."

"ఎందుకట్ల?"

రాజేశ్వరరావు తల గోక్కున్నాడు. షెడ్డులో ఎవడూ ఎందుకని అడగలేదు. చివరికి అడిగాడు: "మీ గట్టు అంటే మా గోత్రం లాంటిదే కదా, ఒకే గట్టువాళ్ళు పెళ్ళి చేసుకుంటారా?"

"ఛీ! ఒక గట్టంటే అన్నాచెల్లెండ్లు గదా."

"ఇదీ అంతే. ఎరుపంతా ఒక గట్టు, నలుపంతా ఒక గట్టు. ఎరుపుకి నలుపుతోనే పెళ్ళి."

"గట్ల చెప్పు సారూ! గింతసేపు ఓల్టూ ఓల్టూ అని చంపుతివి."

మోటారు ప్లగ్గు ఆయనే బిగించాడు. సాయంత్రం దాకా నదిలో నడిపి చూశారు. పడవ ముసలి చేపలాగా నిదానంగా, సూటిగా పోయింది. బ్యాటరీలు ఖాళీ అయ్యాయి. పొజ్జే వాటిని విప్పి, సైకిలు మీద ఒక్కొక్కటే ఇంటికి చేర్చింది.

మర్నాడు తెల్లవారగానే రాజేశ్వరరావు బ్యాటరీల్లో పోసే నీళ్ళ కోసం దోర్నపాల్ పోయాడు. మధ్యాహ్నానికి తిరిగొచ్చి చూస్తే ఛార్జింగు పెట్టె మీద దీపం వెలగడం లేదు. మూత విప్పాడు. ఫ్యూజు కాలి నల్లబడింది. బ్యాటరీలు నిన్న ఎలా ఉన్నాయో ఇవాళా అలాగే ఉన్నాయి.

"ఎవరు కలిపారిది?"

"నేనే. ఏంది, ఏమైంది?"

"పెట్టె ఎర్ర తీగని తీసుకెళ్ళి బ్యాటరీ నల్ల బొడిపెకి తగిలించావేటి!"

"మరి ఎరుపుకి ఎరుపు పెడతనా? ఒక్క గట్టు గదా! నిన్న నువ్వే చెప్తివి, ఇయ్యాల నువ్వే తిడుతున్నవు."

చాటలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళు పొజ్జే వైపే తలలూపారు. రాజేశ్వరరావు కాలిన ఫ్యూజుని పీకేశాడు. ఇన్నేళ్ళలో ఎన్నో తప్పుడు కలుపుళ్ళు చూశాడు. తాగి కలిపినవి, నిద్రమత్తులో కలిపినవి. ఇంత న్యాయమైన తప్పు మాత్రం చూడలేదు. సంచిలోంచి కొత్త ఫ్యూజు తీశాడు.

"తప్పు నాదేలే. ఆ రెండు బ్యాటరీలకీ మధ్య జరిగింది పెళ్ళి. ఇది పెళ్ళి కాదమ్మా, అన్నం పెట్టడం. కడుపు చూసి పెట్టేది సొంత గట్టువాళ్ళే. అందుకని ఇక్కడ ఎరుపు నుంచి ఎరుపుకి, నలుపు నుంచి నలుపుకి."

పొజ్జే నడుం మీద చెయ్యి వేసుకుంది. "గదీ తప్పే సారూ. మా మామ నీకు జావ పోసిండంట గదా. నువ్వు మా గట్టోనివా?"

రాజేశ్వరరావుకి పందొమ్మిదేళ్ళప్పుడు ఆయనా ఇర్మా గనిలో ఒకే కాంట్రాక్టరు కింద రాళ్ళు మోశారు. సమ్మెలో నలభై రోజులు ఏ పొయ్యీ వెలగలేదు. ఇర్మా అడవి దారిన నడిచి ఊరికి పోయి, సొరకాయ బుర్రలో జావ తెచ్చేవాడు. తాను తాగకముందు ఈ తెలుగు కుర్రాడి దోసిట్లో పోసేవాడు. ఆ ఋణం తీరేది కాదని రాజేశ్వరరావుకి తెలుసు. తీరాలనీ లేదు.

లోపల్నించి ఇర్మా గొంతు వినిపించింది. "నన్ను అన్నా అన్నడు. గట్టు ఆ దినమే కలిసింది." కర్ర పొడుచుకుంటూ బయటికొచ్చాడు. "ఎంతసేపు ఎండ కావాలె?"

"ఆరు గంటలు, అన్నా. నీవల్ల కాదు. పొద్దున కూర్చున్నావు కదా, పడుకో."

"నువ్వు నోరు మూసుకో," అని ఇర్మా పీట మీద కూర్చున్నాడు.

చుట్టూ వాన. ముంగిట్లో ఎండ. పెట్టె మీద దీపం మిణుకుమంది. రెండో గంటకి ముసలాయన నడుం వణకసాగింది. రాజేశ్వరరావు వెళ్ళి ఆయన వెనక కూర్చుని వీపుకి వీపు ఆనించాడు. అలా ఆనుకుని ఇద్దరూ పోయినవాళ్ళ గురించి, గనిలో సైరను గురించి, ఏ మేస్త్రీ ఎంత దుర్మార్గుడో దాని గురించి మాట్లాడుకున్నారు. పొజ్జే టీ తెచ్చింది.

"తాగు చినమామా," అంది.

రాజేశ్వరరావు తల తిప్పుకుని తాగాడు. ఆ టీలో చక్కెర ఎక్కువైందని కూడా అనలేదు.

ఊళ్ళో దీపాలు పెట్టే వేళ దాటాక పెట్టె మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. ఇర్మా లేచాడు. ఈసారి ఎండ ఆయన వెంట పోలేదు. చాపలు ఒక్కొక్కటే మడిచినట్టు దగ్గరికి జరిగి, ప్యానెల్ అద్దం మీదికి చేరి, తీగల్లోకి దిగిపోయింది. పొజ్జే బొడిపెలకి గ్రీజు రాసి మూతలు బిగించింది.

సంత రోజూ వానే. పొజ్జే మోటారు మీట నొక్కగానే పడవ మీద నాలుగు చాపలంత ఎండ పరుచుకుంది. సుక్రాం ఎక్కి గొడుగు మడిచాడు. రాస్తున్న కాగితం తడవడం లేదని సంతోషించి పద్దెనిమిది సార్లు అటూ ఇటూ తిరిగాడు. సాయంత్రం ఐదున్నరకి రేవు పొజ్జే పేరు మీద రాసి ముద్ర వేశాడు. డీజిల్ పడవాయన కూడా తడి చొక్కా విప్పి పొజ్జే పడవలోనే ఆరేసుకున్నాడు.

మర్నాడు పొద్దున ఇర్మా ముంగిట్లో అందరి ముంగిళ్ళలో లాగే వాన పడింది.

"అన్నా, ఎండ పోయిందని బెంగగా ఉందా?" అని రాజేశ్వరరావు అడిగాడు.

"ఏం బెంగ! పప్పులకీ వడ్లకీ ఇన్నేండ్లు కూసున్న. ఇగ పండుకుంట." ముసలాయన కాళ్ళు బారచాపి మధ్యాహ్నం దాకా నిద్రపోయాడు.

ఇప్పుడు తడి చాటలన్నీ రేవుకే పోతున్నాయి. ఎలాగూ ఎక్కాం కదా అని జనం పని లేకపోయినా అవతలి ఒడ్డు చూసొస్తున్నారు. పడవ ఖాళీగా కదిలే రోజు లేదు. మోటారు దగ్గర కూర్చున్న పొజ్జే కుడి భుజం మీద పొద్దంతా ఎండ పడుతుంది. అది విరిగిన నాటి నుంచీ ఆమె జుట్టు పక్కింటివాళ్ళే దువ్వి ముడిచేవారు. చలికాలం మొదట్లో ఒక పొద్దున, పడవ నిండేలోపు, పొజ్జే రెండు చేతులూ పైకెత్తి తన కొప్పు తానే ముడుచుకుంది.