చెవి బాబాయి కుళాయి

బకెట్టు నిండింది. ఆయన కుళాయి కట్టేసి, వంటింటి గడప దాకా వెనక్కి నడిచి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. ఎంత బిగించినా ఆ కుళాయి ఆగదు. సెకనుకో చుక్క చొప్పున నిండు బకెట్లో టప్పుమంటూ పడుతూనే ఉంటుంది. కిందటేడు ఆ చప్పుడు వీధి గుమ్మం దగ్గరికి కూడా వినబడేది. తర్వాత నడవాలోకి, ఆ తర్వాత గడప దాకా రావలసి వచ్చింది. ఇవాళ గడప దగ్గర కూడా ఏమీ లేదు. రెండడుగులు ముందుకు వేస్తే అప్పుడు అందింది.

“ఆ కుళాయినే పెళ్లాడాల్సింది మీరు,” అంది భార్య, బకెట్టు పక్కకు జరుపుతూ.

ఆయనకు వినికిడి తగ్గుతోందని ఆమెకు అనుమానం ఎప్పుడో వచ్చింది. పరీక్ష కోసం చెవి డాక్టరు దగ్గర ఆమె రాయించుకొచ్చిన చీటీ ఆరు నెలలుగా చక్కెర డబ్బా కింద ఉంది. టీ కోసం డబ్బా తీసినప్పుడల్లా ఆయన దాన్ని చూసీ చూడనట్టు ఊరుకుంటాడు.

వినడమే ఆయన ఉద్యోగం. వణుకుడు జబ్బు మనుషుల తలలోకి డాక్టరమ్మ వెంట్రుకంత తీగను దించుతుంటే, దాని కొసకు తగిలిన కణాల చప్పుడును యంత్రంలోకి ఎక్కించి, హెడ్‌ఫోన్లలో వింటాడు. నడిమెదడులో ఒక్కో రకం కణానిది ఒక్కో చప్పుడు. కొన్ని రేకుల కప్పు మీద వానలా హోరెత్తిస్తాయి. వణుకు ఆపే కరెంటు తీగను అమర్చాల్సింది ఆ హోరులోనే. దాన్ని దాటి ఇంకా కిందికి పోతే నెమ్మది కణాలు. సెకనుకు ఒకటో రెండో, బరువుగా మోగుతాయి. ఈ జబ్బు ముందుగా తినేసేది వాటినే, మిగిలేవి ఏ కొన్నో. అవి వినబడ్డాయంటే హోరు ప్రాంతం అయిపోయిందని గుర్తు, కరెంటు తీగను అంతకన్నా పైనే ఆపాలి. యంత్రం తెర మీద వాటి గీత పడేలోపే ఆయన “నెమ్మదివి” అనేవాడు. అందుకే ఆసుపత్రిలో అందరికీ ఆయన చెవి బాబాయి. ఇంట్లో కుళాయిని బాగు చేయించనిదీ అందుకే. పనికి వెళ్లేముందు ఆ చుక్కతో చెవిని సరిచూసుకోవడం ఇరవై రెండేళ్ల అలవాటు.

ఆ రోజు బల్ల మీద ఉన్నది ఒక దర్జీ. తల చుట్టూ ఉక్కు చట్రం ఉన్నా మెలకువగానే ఉన్నాడు.

“లోపల ఏమన్నా కనిపించిందా బాబూ? మా ఆవిడ ఏమీ లేదంటుంది,” అన్నాడు.

అందరూ నవ్వారు. అతని కుడిచెయ్యి మాత్రం దుప్పటి మీద కొట్టుకుంటూనే ఉంది.

తీగ దిగింది. హోరు మొదలైంది. కాసేపటికి హోరు వెనక ఆయనకు చుక్క వినబడింది. “నెమ్మదివి,” అన్నాడు. డాక్టరమ్మ చెయ్యి ఆగింది. ఆయన ఆ లోతును పుస్తకంలో రాసి, చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసి చెమట తుడుచుకున్నాడు.

చుక్క ఆగలేదు. సెకనుకొకటి, నిండు బకెట్లో పడుతున్నట్టు, పొద్దున విన్నట్టే.

తను ఊరుకుంటే కరెంటు తీగ పైనే ఉండిపోతుంది. దర్జీ చెయ్యి ఇక ఎప్పటికీ అలాగే కొట్టుకుంటుంది. చెబితే ఈ గదిలో తనకిక పనుండదు.

“డాక్టరమ్మా, నా మాట పట్టించుకోకండి. అది ఈయన తలలోది కాదు, మా ఇంటి కుళాయి. నా చెవి పోయింది.”

ఆమె తల తిప్పలేదు. “తెలుసు బాబాయ్. మూడు నెలలుగా మీరు చెప్పాక తెర చూసుకునే కదులుతున్నాను.”

“మరి ఒక్క మాట అనలేదేం?”

“మీరే చెబుతారని.”

ఎవరికైనా హాని జరిగిందా అని ఆయన అడిగాడు. రెండుసార్లు తప్పిందనీ, రెండుసార్లూ తెర పట్టించిందనీ, ఎవరికీ ఏమీ కాలేదనీ ఆమె చెప్పింది. ఆయన స్టూలు మీద కూలబడ్డాడు.

తీగ మళ్లీ కదిలింది. హోరు తగ్గింది. ఇంకాస్త కింద తెర మీద వెడల్పాటి అలలు, ఒకదానికొకటి ఎడంగా లేచాయి. ఇన్నేళ్లూ చెవినే నమ్ముకుని వాటి ముఖం సరిగా చూసింది లేదు. “ఇదిగో, ఇవే నెమ్మదివి,” అని వేలు పెట్టి చూపించాడు.

“రేపట్నుంచి ఇలాగే చెప్పండి,” అంది డాక్టరమ్మ.

హోరు ఉన్న చోట తీగను అమర్చి కరెంటు ఇవ్వగానే దర్జీ చేతి వణుకు నిలిచిపోయింది. కాగితం మీద సున్నాలు చుట్టమంటే చుట్టాడు, ఒక్కటీ వంకర పోలేదు. అది తన చెయ్యి కాదేమో అన్నట్టు చాలాసేపు దానివైపే చూస్తూ ఉండిపోయాడు.

సాయంత్రం ఆయన కుళాయిలు బాగుచేసే మనిషిని వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు.

“ఇదేంటి, ఇన్నాళ్లకి సవతిని గెంటేస్తున్నారా?” అంది భార్య. ఆయన నవ్వాడు.

ఆ మనిషి పని ముగించుకుని వెళ్లాక కుళాయి కింద అరచెయ్యి పట్టాడు. చెయ్యి తడవలేదు. చెవిలో మాత్రం చుక్క పడుతూనే ఉంది. అయితే అది ఎక్కడిదో ఇప్పుడు తెలుసు.

భార్య పెరట్లోంచి ఆరిన బట్టలు తెచ్చేసరికి వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆయన చెప్పులు లేవు. ఎక్కడికో చెప్పలేదు. ఆమె వంటింట్లోకి వెళ్లి చక్కెర డబ్బా ఎత్తింది. చీటీ లేదు. ఆ చోట కుళాయిలోంచి తీసిన పాత రబ్బరు బిళ్ల, ఒక పక్క అరిగి పల్చబడి, ఇంకా తడిగా ఉంది.