సెకనుకి ఆరు

మా తమ్ముడికి అభిమానులు దొరకడానికి పన్నెండేళ్ళు పట్టింది. అంతకుముందు వాడి కచేరీకి వచ్చినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టి, ఇంకా వేళ్ళు మిగిలాయిరా అని ఏడిపించేదాన్ని. వాడు పాడేది బ్లూస్ రాక్ అనే అమెరికా బాణీ. గిటారు భుజాన వేసుకుని, చిటికెన వేలికి గాజు గొట్టం తొడుక్కుని, దాన్ని తీగల మీద జారుస్తూ వాయిస్తాడు. గొంతు బొంగురు కాబట్టి చిన్నప్పటి నుంచి ఇంటా బయటా వాడి పేరే బొంగురు. ఇప్పుడు పోస్టర్ల మీద కూడా అదే. వెనక ఏ కంపెనీ లేదు. పాట వాడే కట్టుకుంటాడు, వాడే పాడతాడు, వాడే ఇంటర్నెట్‌లో పెడతాడు.

రికార్డు చేసి శుభ్రం చేసేది మాత్రం నేను. ఇనప సామాన్ల దుకాణం పైన నాకో చిన్న రికార్డింగు గది ఉంది. పొద్దున రేడియో ప్రకటనలు, మధ్యాహ్నం పాఠాలు చదివే టీచర్లు, మిగిలిన టైము మా బొంగురుది. వాడికంటే తొమ్మిదేళ్ళు పెద్దదాన్ని. వాణ్ణి తిట్టే హక్కు నాకుంది, అది వాడకుండా వదిలేసిన రోజు లేదు.

ఈ ఏడాది మొదట్లో పెట్టిన ఒక పాట ఎలా పాకిందో తెలియదు కానీ పాకింది. మెసేజీలు మొదలయ్యాయి. ఒక బస్సు డ్రైవరు డిపోలో బండి ఆపేసి, ఆ పాట అయ్యేదాకా సీటు దిగలేదట. ఒక నర్సు తన తల్లి పోయాక మొదటిసారి ఏడ్చింది ఆ పాట విన్నాకేనట. అందరూ మెచ్చుకుంటున్నది ఒకటే. చరణం చివర గాజు గొట్టం ఒక స్వరం మీద ఆగుతుంది చూడండి, అక్కడ వచ్చే వణుకు. తీగ ఏడుస్తున్నట్టుందని ఒకరు, ఆ వణుకు ఎవరి దగ్గర నేర్చుకున్నారని ఒకరు. వాడు అవన్నీ నా గదిలో కూర్చుని, పరీక్ష మార్కులు చదివినట్టు పైకి చదివేవాడు. నిజంగా ఎక్కడ నేర్చుకున్నావురా అని అడిగితే, ఏమో, దానంతటదే వస్తోందని నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ తర్వాత మూడో పాట శుభ్రం చేస్తున్నప్పుడు నా నవ్వు పోయింది.

నా కంప్యూటరులో ప్రతి స్వరం ఒక గీతలా కనిపిస్తుంది. వాడు స్వరం మీద ఆగినచోటల్లా ఆ గీత రంపపు పళ్ళలా ఉంది. ఊరికే ఒకచోట పళ్ళు లెక్కపెట్టాను. సెకనుకి ఆరు. పాత పాట తీశాను, అది చాలా నెమ్మది పాట. అందులోనూ ఆరు. ఇంకోటి, గుర్రంలా పరిగెత్తే పాట. ఆరు. మనిషి కావాలని తీగని వణికిస్తే నెమ్మది పాటలో నెమ్మదిగా, జోరు పాటలో జోరుగా వణుకుతుంది. పాట ఎటు పోతే అటు పోతుంది. ఇది పాటని పట్టించుకోవడం లేదు. దాని లెక్క దానిదే.

ఆడలేనివాడు మద్దెల ఓడన్నట్టు ముందు యంత్రాల మీద పడ్డాను. వైర్లు మార్చాను. మైకు మార్చాను. ఆంప్లిఫయర్లు బాగుచేసే ముసలాయన్ని పిలిచి, దీంట్లోనే ఏదో ఉంది చూడమన్నాను. ఆయన దాన్ని విప్పి, ఊది, తుడిచి, మళ్ళీ బిగించి, “దీనికి ఏ రోగమూ లేదమ్మా” అని వెళ్ళిపోయాడు. ఆయన మెట్లు దిగుతున్న చప్పుడు వింటూ కుర్చీలో కూలబడ్డాను. యంత్రానికి లేదంటే ఇక మిగిలింది ఎవరో నాకు తెలుసు.

మా నాన్న గడియారాలు బాగుచేసేవాడు. బడి వదలగానే నేను ఆయన బల్ల కింద కూర్చుని హోంవర్కు చేసుకునేదాన్ని. అన్నిటికంటే చిన్న మరలు తీసేటప్పుడు మాత్రమే ఆయన పట్టుకారు బల్ల మీది అద్దానికి తగిలి టకటకమనేది. మొదట వెలుతురు చాల్లేదని బల్బు మార్చాడు. తర్వాత కళ్ళద్దాలు మార్చాడు. ఒకరోజు ఎవరిదో ఖరీదైన గడియారం ముఖం మీద గీత పడింది. ఎవరూ పోట్లాడలేదు. పక్క వీధిలో ఇంకో దుకాణం ఉంది, అటు వెళ్ళడం మొదలుపెట్టారు, అంతే. నలభై ఆరో ఏట నాన్న దుకాణం తలుపు మూశాడు. ఆ తర్వాత సగం కప్పు టీ రెండు చేతులతో పట్టుకుని తాగేవాడు. మా నాయనమ్మా అలాగే తాగేదని అమ్మ చెప్పింది. తమ్ముడికి అప్పుడు మూడేళ్ళు. వాడికి గుర్తున్న నాన్న, దుకాణం లేని నాన్నే. ఆ టకటక వాడు వినలేదు.

నాకు భయమేసింది. పడుకుంటే భయం, లేస్తే భయం. వాడు సిగరెట్టు వెలిగించుకుంటే అగ్గిపుల్ల వైపు చూసేదాన్ని, చొక్కా గుండీ పెట్టుకుంటే గుండీ వైపు చూసేదాన్ని. అడగడానికి నోరు రాలేదు. పన్నెండేళ్ళు ఖాళీ కుర్చీలకి పాడినవాడికి ఇప్పుడిప్పుడే జనం దొరికారు. ఆ జనం దేన్ని చూసి వచ్చారో వాడికి ఏ నోటితో చెప్పను?

అందుకని ఒక తెలివితక్కువ పని చేశాను. స్వరం తప్పినవాళ్ళని గట్టెక్కించే సాఫ్ట్‌వేరు నా దగ్గర ఉంది. రేడియో ప్రకటనల్లో పాడే సగం మంది దాని పుణ్యాన బతుకుతున్నారు. రెండు రోజులు కూర్చుని, ఆ మూడో పాటలో రంపపు పళ్ళన్నీ ఒక్కొక్కటీ లాగి చదును చేశాను. నేను వినకపోతే అది లేనట్టే అనుకున్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమంటే ఇదే. వాడు నా మీద నమ్మకంతో వినకుండానే దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టేశాడు.

నాలుగు రోజుల్లో రెండొందల మంది రాశారు. ఆ వణుకు ఏదీ అని. వాయించింది మీరేనా అని. ఒకాయనైతే, పాటని ఎవరో ఇస్త్రీ చేసినట్టుంది, మా బొంగురుని మాకిచ్చేయండి అని రాశాడు. అది చదివి పగలబడి నవ్వాల్సినదాన్ని, నవ్వలేకపోయాను. చెవులున్న జనం. పన్నెండేళ్ళుగా వాడు కోరుకున్నది అలాంటి జనాన్నే.

ఐదో రోజు వాడు మెట్లెక్కి వచ్చాడు. కోపంగా కూడా లేడు. పాటనేం చేశావక్కా అని మామూలుగా అడిగాడు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: “నీ చేతికేం కాలేదులే.”

వాడు నా వైపు చూశాడు. “నా చేతి గురించి నేనడగలేదే,” అన్నాడు.

ఇంక దాచేదేముంది. మూడు పాటలూ తెర మీద పెట్టి చూపించాను. నాన్న పట్టుకారు గురించి చెప్పాను. వాడు జేబులోంచి గాజు గొట్టం తీసి వేలికి తొడుక్కుని, చెయ్యి ముందుకు చాపాడు. బల్బు వెలుతురు ఆ గాజు మీద పడి ఎదుటి గోడ మీద రూపాయి బిళ్ళంత మరక పడింది. ఆ మరక వణుకుతోంది. ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి వాడు గొట్టం తీసి జేబులో వేసుకుని, ఎప్పట్నుంచి తెలుసని అడిగాడు. నెలయిందన్నాను.

“నెల రోజులు నాతో జోకులేశావా అక్కా,” అన్నాడు.

మర్నాడు వాణ్ణి తీసుకెళ్తే, డాక్టరమ్మ వాడి చేత కాగితం మీద నత్తగుల్లలా చుట్లు గీయించింది. కప్పులోంచి కప్పులోకి నీళ్ళు పోయించింది. ప్రాణానికేం ఢోకా లేదంది. కొన్ని కుటుంబాల్లో తరం నుంచి తరానికి వస్తుందట. పూర్తిగా పోదట, ఏళ్ళు గడిచేకొద్దీ పెరగొచ్చట. మాత్రలు కొంత తగ్గిస్తాయట. భయపడినా పెరుగుతుంది, మరీ సంతోషపడినా పెరుగుతుంది, వీలైనంత ప్రశాంతంగా ఉండమంది. మా వాడి వృత్తేమిటో విని ఆవిడ కాసేపు పెన్ను మూత పెట్టుకుంటూ తీసుకుంటూ ఉండిపోయింది.

బయటికొచ్చాక, నువ్వు ఒప్పుకున్న పెద్ద కచేరీ మూడు వారాల్లో ఉంది, ఇవాళే మాత్రలు మొదలుపెట్టు అన్నాను. వాడు మాత్రల అట్ట చేతిలో తిప్పుతూ నడుస్తున్నాడు.

“నాన్న చెయ్యి వణికితే జనం వెళ్ళిపోయారు,” అన్నాడు. “నా చెయ్యి వణికితే వస్తున్నారు. ఇది మింగేసి నేనెవరికి వాయించనక్కా?”

ఆ అట్ట లాక్కుని వాడి చొక్కా జేబులో నేనే కుక్కాను.

ఆ మూడు వారాలూ రోజూ ఫోను చేసి వేసుకున్నావా అని అడిగాను. వేసుకున్నాలే, నీ గోల ఒకటి అనేవాడు. నమ్మాలనుకుని నమ్మాను. ఆదివారం మధ్యాహ్నం కచేరీ. నాలుగొందల కుర్చీల హాలు, ఒక్క టికెట్టు మిగల్లేదు. నేను హాలు వెనక సౌండు బల్ల దగ్గర కూర్చున్నాను. నాకూ వాడికీ మధ్య నాలుగొందల తలకాయలు.

మొదటి పాటలో గాజు గొట్టం స్వరం మీద ఆగగానే తెలిసిపోయింది. ఒక్క మాత్ర కూడా మింగలేదు. ఆ వణుకు వినపడగానే హాలంతా ఒక్కసారిగా ఊపిరి వదిలింది. పాట అవగానే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు. వాడి ముఖం వెలిగిపోయింది. ఆ సంతోషం ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. రెండో పాటలో వణుకు వేగం అదే, ఊపు పెరిగింది. జనానికి ఇంకా నచ్చింది. ఇంకా గట్టిగా కొట్టారు. మూడో పాటకి ఇంకా పెరిగింది. వాళ్ళు కొట్టేకొద్దీ వాడి చెయ్యి ఊగుతోంది, వాడి చెయ్యి ఊగేకొద్దీ వాళ్ళు కొడుతున్నారు. గిటారు శబ్దం తగ్గించే మీట నా వేలి కింద ఉంది. కిందికి లాగేస్తే సరి. వేలు దాని మీదే పెట్టుకుని కూర్చున్నాను, లాగలేకపోయాను.

నాలుగో పాట మధ్యలో గాజు గొట్టం తీగల మీంచి ఎగిరి గిటారు చెక్కకి తగిలింది. వాడు మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఎగిరింది. ఒక్క స్వరం కూడా నిలవడం లేదు. స్పీకర్లలో కీచుమని పిచ్చి శబ్దం. హాలు హోరెత్తిపోయింది. ఆవేశం అనుకున్నారు. పూనకం వచ్చినట్టు వాయిస్తున్నాడనుకున్నారు. నేను వాడి ముఖం చూశాను. బడిలో దిగబెట్టి నేను వచ్చేస్తుంటే మొదటి రోజు ఎలా చూశాడో అలా, నాలుగొందల తలల మీంచి నా కోసం వెతుకుతున్నాడు. లైట్లు కళ్ళలో పడుతున్నాయి, నేను కనపడను.

వాడు వాయించడం ఆపేశాడు. మైకు దగ్గరికి వచ్చాడు.

“ఈ వణుకు నేను నేర్చుకున్నది కాదు,” అన్నాడు. “నా చేతికి జబ్బు. మా నాన్నకీ ఉండేది.”

కొందరు నవ్వారు. ఎవరో ఈల వేశారు. ఎంత వినయమో అనుకున్నట్టున్నారు, మళ్ళీ చప్పట్లు లేచాయి. వాడు ఆగాడు. గొట్టం తొడుక్కున్న చెయ్యి లైటు వెలుగులోకి చాపి, అలాగే పెట్టి ఉంచాడు. ముందు వరసలో చప్పట్లు మొదట ఆగాయి. ఆ తర్వాత దాని వెనక వరసలో. నిశ్శబ్దం ఒక్కో వరసా దాటుకుంటూ నా బల్ల దాకా వచ్చింది.

“మీరు కొడుతుంటే నాకు సంతోషమేస్తుంది,” అన్నాడు. “సంతోషమేస్తే ఇది పెరుగుతుంది. ఇంకొక్క పాట వాయించాలనుంది. దయచేసి చప్పట్లు కొట్టకండి.”

అన్నిటికంటే నెమ్మది పాట ఎత్తుకున్నాడు. నాలుగొందల మందిలో ఒక్కరూ కదల్లేదు. కొందరు చేతులు చంకల్లో పెట్టుకున్నారు, కొందరు మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నారు. నా ముందున్న ఆవిడ భర్త మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఎవరికో దగ్గు వచ్చి, నోరు మూసుకుని మింగేశారు. గాజు గొట్టం ప్రతి స్వరం దగ్గరా ఆగబోతుంటే, నిలుస్తుందో లేదోనని మీట గట్టిగా పట్టుకునేదాన్ని. ఆగేది. వణికేది, కానీ నిలిచేది. మరుక్షణం తర్వాతి స్వరం భయం మొదలు. అంత భయపడుతూ నేనెప్పుడూ పాట వినలేదు, అంత మంచి పాటా వినలేదు.

చివరి స్వరం మెల్లగా అణగిపోయింది. వాడు గిటారు మీంచి చెయ్యి తీశాడు. తను అడిగిన మాట తనే మర్చిపోయినట్టున్నాడు, తల పైకెత్తి హాలు వైపు చూస్తూ ఎదురు చూశాడు.

ఎవరూ కొట్టలేదు. చప్పుడు కాకుండా కుర్చీలు పట్టుకుని, ఒక్కో వరసే లేచి నిలబడింది. చప్పట్లు కొట్టడానికి నా చేతులు వాటంతటవే లేచాయి. వాటిని తొడల కింద పెట్టుకుని, పళ్ళు బిగించి కూర్చున్నాను.