మావయ్య చేతి కొలత

పగ తీర్చుకోవడానికి పశువైద్యం చదివినదాన్ని లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. అందులోనూ గుండె స్కానింగు, అందులోనూ గ్రేహౌండ్ కుక్కల గుండెలు. నవ్వితే నవ్వండి.

నేను ఏడో తరగతిలో ఉండగా మా గ్రేహౌండ్‌ను మావయ్య చంపేశాడు. మావయ్యంటే అమ్మకు సొంత తమ్ముడు, పేరున్న పశువుల డాక్టరు. టీకా కోసం తీసుకెళ్తే, గుండెలో ఏదో చప్పుడుందన్నాడు. స్కాన్ చేసి, గుండె గది సాగిపోయిందనీ, సరిగ్గా ముడుచుకోవడం లేదనీ తేల్చాడు. ఇవాళో రేపో పరిగెత్తుతూ పడి చస్తుంది, ఆ బాధ దేనికని సూది వేసేశాడు. అంతకుముందే, ఆ పొద్దున, అది పెరట్లో నన్ను ఆయాసపడేలా పరిగెత్తించింది. నన్ను లోపలికి రానివ్వలేదు, వరండాలో కూర్చోబెట్టారు. తమ్ముడి మాట అమ్మకు వేదవాక్కు. "మావయ్య దేవుడే, దాన్ని బాధపడకుండా పంపించాడు" అని ఇప్పటికీ అంటుంది. అన్నప్పుడల్లా నా ఒళ్ళు మండుతుంది.

ఎందుకంటే చదువుకున్నాక నాకు తెలిసింది. గ్రేహౌండ్ పరుగుల జాతి. దాని గుండె తక్కిన కుక్కల గుండె కంటే పెద్దది. ఊరికే పడుకున్నప్పుడు నింపాదిగా ముడుచుకుంటుంది, చిన్న చప్పుడు కూడా చేస్తుంది. అన్ని జాతులకూ కలిపి, బరువును బట్టి వేసిన పట్టికలో పెట్టి చూస్తే నిక్షేపంలాంటి గ్రేహౌండ్ కూడా రోగిష్టిదే. మావయ్య ఆనాడు చూసింది ఆ పట్టికే, ఈనాటికీ చూసేదీ అదే.

అందుకే ఆరోగ్యంగా ఉన్న గ్రేహౌండ్ల కొలతలు నేనే తీయడం మొదలుపెట్టాను. మధ్యలో రంధ్రం ఉన్న బల్ల మీద కుక్కను పక్కకు పడుకోబెట్టి కింద నుంచి స్కాన్ చేస్తాం. ఒకరోజు మావయ్య భార్య, మా అత్తయ్య, తమ గ్రేహౌండ్‌ను తీసుకొచ్చింది.

"మీ మావయ్యకు చెప్పకే. వీణ్ణి ఎవరు ముట్టుకున్నా ఆయనకు ప్రాణం పోతుంది. ఆ ప్రేమలో పావలా వంతు నాకు దక్కినా నేనీపాటికి ఇంత బొద్దుగా అయ్యుండేదాన్ని" అని చేతులు చాచి చూపించింది.

నవ్వుతూనే కొలిచాను. వాడి గుండె గది పట్టిక గీసిన గీతను ఎప్పుడో దాటేసింది. నాకు కడుపు నిండిపోయింది.

మా పనిలో ఒక పద్ధతుంది. ఒకరు కొలిచిన స్కాన్ బొమ్మలనే ఇంకొక డాక్టరు మళ్ళీ కొలవాలి. కుక్క పేరు, యజమాని పేరు కనబడనివ్వం. ఆ రెండో చెయ్యిగా మావయ్యను పిలిచాను.

"అంత పెద్ద పనికి నేనే దొరికానా, కోడలా?" అన్నాడు మురిసిపోతూ.

"మీ అంత అనుభవం ఇంకెవరికుంది మావయ్యా?" అన్నాను. తేనె పూసిన కత్తి అంటారే, అది నేనే.

ఇద్దరు జూనియర్ డాక్టర్లను పక్కనే కూర్చోబెట్టాను. వాళ్ళ ముందు ఆయన ఆనాటి తీర్పే మళ్ళీ తన నోటితో చెప్పాలి. అది నేను అమ్మకు చెప్పాలి. నాకు కావలసింది ఇంతే.

చెయ్యి మాత్రం మంచిదే, ఒప్పుకోవాలి. తెర మీది బొమ్మలో గుండె గది ఒక గోడ లోపలి అంచు నుంచి అవతలి గోడ లోపలి అంచు దాకా గీత తిన్నగా లాగాడు. అంకె చూసి నిట్టూర్చాడు.

"ఎవరిదో పాపం. గది సాగిపోయింది. మందులు వాడినా దండగే."

"అయితే ఏం చెయ్యమంటారు?"

"ఏముంది, సూది వేసెయ్యడమే."

నేను లేచి తలుపు తీశాను. బయట అత్తయ్య దగ్గరున్న కుక్క తోకాడిస్తూ లోపలికొచ్చి మావయ్య మోకాలి మీద గడ్డం ఆనించింది.

"వీడెందుకొచ్చాడు ఇక్కడికి?"

"మీరు సూది వెయ్యమన్నది వీడికే."

"కొలత తప్పు" అన్నాడు. వాణ్ణి తనే ఎత్తి బల్ల మీద పడుకోబెట్టి, తనే జెల్ రాసి, తనే కొలిచాడు. అదే అంకె. మళ్ళీ కొలిచాడు. అదే.

"వీడికేం లేదే! పొద్దున కూడా కుందేలులా ఉరికాడు" అన్నాడు.

"మాదీ ఉరికింది మావయ్యా."

ఆయనకు అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. జూనియర్లు తలలు దించుకున్నారు. ఆయన ముఖం పాలిపోతుంటే నాకు జాలి వేయాలి. వేయలేదు. హాయిగా ఉంది. అమ్మకు చెబుదామని ఫోన్ చేతిలోకి తీసుకున్నాను.

మావయ్య నా మణికట్టు పట్టుకున్నాడు.

"అక్కకు మాత్రం చెప్పకే. నన్ను ఊరంతా తిట్టించు, పడతాను. ఆ రోజు నువ్వు వరండాలో ఉన్నావు, నీకు తెలీదు. దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది అక్క. అది లేవబోతే, 'ఏం కాదు నాన్నా, పడుకో' అని అదిమి పట్టుకుంది."

నా చేతిలో ఫోన్ అప్పటికే మోగుతోంది. అమ్మే.

"తమ్ముడు వచ్చాడా? కొలతలు బాగా చూశాడా?" అంది గర్వంగా.

ఆయన నా వైపే చూస్తున్నాడు. ఎన్నేళ్ళ నుంచో నోట్లో నానబెట్టుకున్న మాట నాలుక చివర ఉంది.

"చూశాడమ్మా. చెయ్యి మంచిది" అన్నాను.

"నేను చెప్పలా? దేవుడే వాడు!"

మా ఇంట్లో ఆయన ఇవాళ్టికీ దేవుడే. ఇకముందు కూడా ఆయన్ని దేవుడిలా ఉంచవలసింది నేనే. కుక్కను చంపినందుకు ఎప్పుడైనా క్షమిస్తానేమో గానీ, దీనికి మాత్రం చచ్చినా క్షమించను.