నాగయ్య రక్తం

కోడిని కోయించి, మసాలా నూరి, పొయ్యి ముందు చెమటలు కక్కుతూ వండింది నేను. కడుపునిండా తిని, మనుషుల్ని ఎలా బాగుచేయాలో తేల్చింది వాళ్ళు. థూ! ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ ఉమ్మెయ్యాలనిపిస్తుంది.

అది ఎనభై ఒకటో సంవత్సరం. సర్పంచి ఎన్నికలు దగ్గరపడ్డాయి. మా ఆయన ఓబులేసు నిలబడతాడని ఆళ్ళగడ్డ చుట్టుపక్కల అందరికీ తెలుసు. చదువుకున్నవాళ్ళను పిలిచి భోజనం పెడితే పరువు పెరుగుతుందని ఆయన నమ్మకం. అలా వచ్చినవాళ్ళే నంద్యాలలో జంతుశాస్త్రం పాఠాలు చెప్పే లెక్చరరు, ఉద్యోగం నుంచి రిటైరైన ఒక జైలరు.

పొద్దున వాళ్ళకు మా విత్తనపత్తి చేను చూపించాడు. అక్కడ ఆడకూలీలు సాయంత్రం మొగ్గల్లోని మగభాగాన్ని గిల్లేసి, మర్నాడు పొద్దున ఇంకో రకం పువ్వు తెచ్చి పుప్పొడి రుద్దుతారు. దాన్నే క్రాసింగు అంటారు. తేడా మొక్క కనబడితే మాత్రం వేళ్ళతో సహా పీకి గట్టు మీద పారేస్తారు. లెక్చరరుకు ఆ పీకడం తెగ నచ్చింది.

"మనుషుల్లోనూ ఇలాగే చేయాలండీ," అన్నాడు విస్తరి ముందు కూర్చోగానే. "విదేశాల్లో ఒక క్రిమిలోని జన్యువు తీసి ఇంకో క్రిమిలో పెడుతున్నారు. రేపు మనిషిలోనూ పెడతారు. హత్యలు చేయించే జన్యువేదో పట్టుకుని, పుట్టకముందే మార్చేస్తే ఇక జైళ్ళతో పనేముంది?"

జైలరు తల అడ్డంగా ఊపాడు. "తప్పు సార్. వేలమందిని చూసినాను. పుట్టుకతో ఎవడూ నేరస్థుడు కాడు. బయటికొచ్చినాక ఇంత పని ఇచ్చి, పక్కన కూర్చోబెట్టుకుంటే వాడే మనిషైతాడు. మారాల్సింది మనం."

ఆ మాటకు నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన విస్తట్లో మంచి ముక్క చూసి మరీ వేశాను. ఎందుకంటే నాగయ్య, అతని కూతురు మద్దమ్మ పొద్దుటి నుంచీ మా వాకిట్లో ఎండకు కూర్చుని ఉన్నారు.

నాగయ్య నల్లమల నుంచి దిగొచ్చి మా చేనికి కాపలా ఉండేవాడు. ఎనిమిదేళ్ళ కింద గట్టు తగాదాలో మా ఆయన మారెన్న అనే రైతును గొడ్డలితో నరికాడు. మా వైపు ఒక దిక్కుమాలిన ఆనవాయితీ ఉంది. నరికింది పెద్దమనిషైతే, పోలీసులకు లొంగిపోయేది ఆయన్ను నమ్ముకున్నవాడు. నాగయ్య అలాగే లొంగిపోయాడు. "నీ పెండ్లాం బిడ్డ నా ఇంటి మనుషులు" అని మా ఆయన అతని చేతిలో చెయ్యేశాడు. తర్వాత అతని భార్య జ్వరమొచ్చి పోయింది. మద్దమ్మ నా కళ్ళముందే పెరిగి క్రాసింగు పనికి కుదిరింది. తీరా నాగయ్య విడుదలై వస్తే, ఎన్నికల ముందు ఖూనీకోరు మన చేలో ఏందని మా ఆయన ఇద్దరినీ వెళ్ళగొట్టాడు. ఊళ్ళో ఇంకెవరూ పని ఇవ్వలేదు. ఇక్కడ పని దొరికితేనే వాళ్ళ పొయ్యి వెలిగేది.

జైలరు మాటలు వినే ధైర్యం చేశాడేమో, నాగయ్య లేచి వసారా మెట్టు దాకా వచ్చాడు. "సామీ, మాకు మళ్ళా పని ఇప్పించండి," అంటూ జైలరు కాళ్ళకు మొక్కబోయాడు.

"ఏయ్, దూరం! ఆడే నిలబడు!" అని జైలరు విస్తరిని చటుక్కున తనవైపు లాక్కున్నాడు. పక్కన కూర్చోబెట్టుకోమన్న మనిషే! నేను వేసిన ముక్క ఇంకా నోట్లోనే ఉంది. ఛీ అనిపించింది.

మా ఆయన నవ్వాడు. "ఈడే సార్, మా ఊరి ఖూనీకోరు. చూసి చెప్పండి."

లెక్చరరు కళ్ళజోడు సర్దుకుని, సంతలో గొడ్డును చూసినట్టు మద్దమ్మను చూశాడు. "ఆ పిల్ల దవడ చూడండి, అచ్చం తండ్రిదే. ఇలాంటివాళ్ళకు పెళ్ళిళ్ళు కాకుండా చూస్తే చాలు, ఆ రక్తం అక్కడితో ఆగిపోతుంది."

నేను గరిటెను ఠంగుమని గిన్నెలో పారేశాను.

"ఏం రక్తం సార్? మారెన్నను నరికి, రక్తం చొక్కాతో ఈ గడప తొక్కింది మా ఆయన. నాగయ్య ఆ పొద్దు ఆ గట్టుకాడ లేనే లేడు. మార్చేదుంటే ముందు ఈయన రక్తం మార్చండి!"

మా ఆయన మొహం నల్లబడింది. నన్ను కాదు, నాగయ్యను చూశాడు. "ఏం రా, అమ్మ ఏందో చెప్తాండాది. నిజమేనా?"

నాగయ్య నావైపు చూడలేదు. "లేదు సామీ. అమ్మకు తెలీదు. నేనే నరికినా."

"నువ్వేమంటావే పిల్లా?"

చెప్పు తల్లీ, నువ్వైనా నోరు తెరువు అనుకున్నాను. ఆ పిల్ల కొంగు వేలికి చుట్టుకుంటూ నేలకేసి చూసింది. "మా నాయనే సామీ. మా రక్తమే అంత."

"చూశారా, వాళ్ళే ఒప్పుకుంటున్నారు!" అని లెక్చరరు సంబరపడిపోయాడు. మా ఆయన మీసం దువ్వుకుని, పెద్ద మనసున్నవాడిలా గొంతు పెంచాడు. "పాపం, తప్పు ఒప్పుకున్నారు కదా సార్. రేపట్నించి ఇద్దరూ పనిలోకి రాండి పోండి." జైలరు ఆయన్ను మెచ్చుకుని, "ఇంత పెరుగు వెయ్యమ్మా," అని నన్ను అడిగాడు. ముగ్గురూ మళ్ళీ తినడంలో పడ్డారు.

నేను పెరుగు వేయలేదు. వాకిలి దాటుతున్న మద్దమ్మ వెనకాలే పోయి రెక్క పట్టుకున్నాను. "అంత మాట ఎట్లా అన్నావే? మీ నాయన చీమకైనా హాని చేయలేదని నీకు తెలీదా? నేను ఒకదాన్ని నిజం చెప్తాంటే, నువ్వు నన్నే అబద్ధాలకోరును చేస్తివి కదే!"

మద్దమ్మ నా చెయ్యి మెల్లగా విడిపించుకుంది.

"నీకేందమ్మా," అంది. "నిజం చెప్పినా నీకు రేపు ఈ ఇంట్లో అన్నముంటాది."