కురచ సూదుల మొక్కలు

బాషా నీళ్ళ గొట్టం పక్కన పడేసి, కత్తెరతో పైన్ మొక్కల ఎర్రబడ్డ కొనలు కత్తిరించసాగాడు. గేటు దగ్గర ఎండలో ఇవి పన్నెండు, వెనక గోడ పక్కన ఎండలోనే ఇంకో పన్నెండు. అన్నీ ఒకే జాతి. ఇవి మంచుకొండ పైయెత్తున ఏరిన గింజలవి, అవి అదే కొండ అడుగున ఏరినవి. ఏడాదిగా అన్నింటికీ ఒకే ఎర్రమన్ను, ఒకే నీళ్ళు. అయినా పైయెత్తువాటి సూదుల్లాంటి ఆకులు కురచగా, మందంగా వచ్చాయి. కిందివాటివి జానెడు పొడవున పలచగా వేలాడాయి. పెనుకొండకు వచ్చినా పైయెత్తు మొక్కలు మంచుగాలిని మరవలేదు.

నర్సరీ యజమాని ప్రవీణ్‌కు ఒత్తుగా కనబడే ఈ కురచవే ముద్దు. నీడలో పెడదామని బాషా మూడుసార్లు చెప్పాడు. గిరాకీకి కనబడాలి కదా అని మూడుసార్లూ అదే జవాబు. మాడిన కొనలు తీసేసి, ఫోటోలు వాట్సాప్‌లో పెట్టడమొకటి. ఇరవై ఆరేళ్ళు మొక్కలు పెంచి, చివరికి వాటికి క్షవరం చేసే గతి పట్టిందని బాషా పళ్ళు కొరికాడు.

భార్య షంషాద్‌బీ పోయినప్పటి నుంచి అతను సద్ది తెచ్చుకోవడం లేదు. తోటి కూలీ తిమ్మక్క రోజూ అడక్కుండానే సగం సంగటి ముద్ద, కాస్త ఊరిబిండి పచ్చడి అతని ముందు పెడుతుంది. ఆ రోజూ పెట్టింది. చికాకు కొంత చల్లారింది.

మధ్యాహ్నం ధర్మవరం నుంచి ప్రమీలమ్మ వచ్చింది. కొత్తగా కడుతున్న ఫంక్షన్‌ హాలు ముందు పైన్లు పెట్టాలట. ప్రవీణ్ కురచవాటిని పొగిడి పొగిడి చూపించాడు. ఆమె బాషా వైపు తిరిగింది.

“ఏమప్పా, నీళ్ళు పోసేది నువ్వే గదా. మా ఊరి ఎండకు నిలబడతాయా?”

బాషా ఒక్క క్షణం ప్రవీణ్ ముఖం చూశాడు.

“నిలబడవమ్మా. వీటికి మంచును తట్టుకునేదే తెలుసు. మాడిన కొనలు పొద్దున నేనే కత్తిరిస్తిని. గోడకాడ ఉండేవి తీసుకోండి. చూసేకి పీలగా ఉండాయి గానీ, వేడి ఎరిగిన మొక్కలు.”

“నీలాంటోన్ని పెట్టుకుంటే మీ సారు యాపారం చేసినట్లే,” అని ఆమె నవ్వింది. గోడ పక్కవి పన్నెండూ ఆటోలో ఎక్కించుకుని వెళ్ళిపోయింది.

ప్రవీణ్ గొంతు పెంచలేదు. “నా దగ్గర పన్జేస్తాండావా, ఆయమ్మ దగ్గరా? రేపట్నుంచి రావద్దులే బాషన్నా.”

బాషా బతిమాలలేదు. కురచ మొక్కలను ఒక్కొక్కటే ఎత్తి షెడ్డు నీడకు మోశాడు. రెండు పూటలా నీళ్ళు పెట్టమని తిమ్మక్కకు చెప్పాడు.

“పోయేటోనివి. వాటి గోల నీకేల?” అందామె.

“చస్తాయని చెప్పింది నేనే గదక్కా.”

షెడ్డులో పదకొండింటికే చోటు దొరికింది. అయిదు గంటలకు అతను హిందూపురం బస్సెక్కాడు. గేటు దగ్గర మిగిలిన మొక్క మీద, రెండు కట్టెపుల్లలకు కట్టిన అతని తుండుగుడ్డ పడమటి ఎండకు అడ్డంగా నిలిచి, ఇంకా తడి ఆరకుండా, చుక్కచుక్కగా కారుతోంది.