వెనుకసీటు సంఘ చరిత్రము

చైత్రమాసపుఁ దొలిదినములలోఁ బలనాటిసీమయందు సూర్యుఁ డిరుచోట్ల నుదయించునట్లు తోఁచును. ఒకఁడు తూర్పుకొండల వెనుకనుండి పైకి వచ్చును. వేఱొకఁడు కల్లములలో నారఁబోసిన మిరపరాసులనుండి నేలబారుగాఁ బ్రాకును. ఆ రక్తవర్ణపు వెలుఁగులో ఘాటుగాలికిఁ దుమ్ముచుఁ గన్నులు తుడుచుకొనుచు జనులు మందిరమునకు నడచుచుండఁగా రావిగుంటపాలెపు బాటపై నిరువదియాఱు మోటారుసైకిళ్లు పచ్చని తాటిమట్టలు గట్టుకొని ప్రావృణ్మేఘములవలె గర్జించుచు వచ్చుచుండెను. ఆ దినము క్రైస్తవుల మట్టలాదివారము. సీయోను రైడర్ల క్లబ్బునకు రజతోత్సవదినమును నదియే.

ఆ దండునకు ముందు నల్లని హెల్మెట్టులో ముఖమంతయు దాఁచి శ్వేతగరుడలాంఛితమైన తోలుకోటు ధరించి రాజఠీవితోఁ బోవుచున్నవాఁడు క్లబ్బు కార్యదర్శి జకరయ్య. ఎరువుల కొట్టు యజమాని. నలువదియేడేండ్లవాఁడు. అతని కోటు లోపలిజేబులో నాఱు పుటల కాగితములు గలవు. మూఁడువారములు కూర్చుండి యాతఁడే వ్రాసిన క్లబ్బు చరిత్ర మది. ప్రసంగానంతరమున సంఘసమక్షమునఁ జదువవలసినది.

ఊరికి రెండు మైళ్ల దూరమున నున్న మైలుఱాతికడ నొక వృద్ధ తాటిమట్టను గొడుగుగాఁ బట్టుకొని కూర్చుండి యుండెను. బండ్ల చప్పుడు విని మెల్లగా లేచి కుడిచేయి యెత్తెను. ఆ యెత్తిన చేయి జకరయ్య యెఱుఁగనిది గాదు. ఆమె దిబ్బలపల్లె దీనమ్మ. నిలుపవలెనని యాతని కాలు బ్రేకుపైకిఁ బోయెను. గాని వెనుక నిరువదియైదు బండ్లు వరుస తప్పక వచ్చుచుండెను. ముందు వంతెనకడ ఫొటోగ్రాఫరు వేచియుండెను. అన్నిటికంటె మిన్నగా నతని క్రొత్తబండికి వెనుకసీటే లేకుండెను. హెల్మెట్టులో నున్న తన్నీమె గుర్తుపట్టఁజాలదని తలఁచి జకరయ్య మొగము తిన్నగా నిలిపి వేగము పెంచెను. ఎఱ్ఱధూళి లేచి యా చేతిని గప్పివేసెను.

ఆ చేతికిని నా క్లబ్బునకును గల సంబంధము జేబులోని కాగితములలో లేదు. ఇరువదియైదేండ్లక్రిందట నిట్టి మట్టలాదివారముననే మోఁకాళ్లవాపుచే నడవలేక యా ఱాతిపైఁ గూలఁబడిన దీనమ్మ క్రొత్తగాఁ గొన్న పాతబండిపై నీలవేయుచుఁ బోవుచున్న జకరయ్యను జూచి "ఓరి జకరయ్యా! ఆ వెనుకసీటెవరికొఱకు మోయుచున్నావురా? నీకుఁ బెండ్లామింకను రాలేదు గదా!" యని కేకవేసెను. అతఁడు పకపక నవ్వి యామె నెక్కించుకొని మందిరమునకుఁ దెచ్చెను. అప్పటి సంఘకాపరి యైన అయ్యగారు ఆ మాట విని మెచ్చుకొని బండ్లుగల యేడుగురు పడుచువారిని బిలిచి యొక నియమము చేసెను. వెనుకసీటు వట్టిదిగా నే బండియు మందిరపు గేటు దాఁటరాదు. వట్టిసీటుతో వచ్చిన బండి వెలుపలి వేపచెట్టుక్రిందనే నిలువవలెను. నాఁటినుండి ప్రత్యాదివారమునఁ గుంటివారును గ్రుడ్డివారును నిండుచూలాండ్రును బండ్లపై వచ్చుచుండిరి. జనులా యేడుగురిని వెనుకసీటువారని పిలుచుచుండిరి.

ఆ పేరు పోయి రైడర్ల క్లబ్బు వచ్చెను. కోట్లు వచ్చెను. జెండాలు వచ్చెను. చీరకొంగులు చక్రములఁ జిక్కుకొనునను నెపముతోఁ బదియేండ్లక్రిందట నా నియమము నెత్తివేయు తీర్మానము వ్రాసినవాఁడు జకరయ్యయే. నిజమునకు నే కొంగును నెన్నఁడును జక్రమునఁ జిక్కలేదు. ఊరేఁగింపులో ముసలివారు గానఁబడుట శోభగా లేదని యొక పట్టణపుఁ బెద్దమనుష్యుఁడు నవ్విన నవ్వే తీర్మానమునకు మూలము. ఆ పిదప దీనమ్మ మందిరమునకు వచ్చుట యరుదయ్యెను.

ప్రసంగము ముగిసెను. జకరయ్య వేదికకడ నిలిచి గంభీరస్వరమునఁ జదువసాగెను. "మన క్లబ్బు నలువదిదినముల యుపవాసప్రార్థనయం దొక యువకునకుఁ గలిగిన దర్శనమువలన జన్మించినది." అప్పుడే వాకిట నీడ కదలెను. మిరపధూళిచేఁ బాదములెఱ్ఱనై చెమటచే రవిక తడిసి తాటిమట్ట చేతఁబట్టుకొని దీనమ్మ లోనికి వచ్చి ద్వారమునొద్దఁ జాపపైఁ గూలఁబడెను. జకరయ్య పంక్తి తప్పెను. మరల వెదకి పట్టుకొని యెట్లో చదివి ముగించెను. చప్పట్లు మ్రోఁగెను.

అతఁడు వచ్చి కూర్చుండఁగనే తొలి యేడుగురిలో నొకఁడైన మోషే చెవికడకు వంగి "నలువదిదినము లుపవాసమా? ఆ దినములలో మా యింటఁ బండుగ గారెలు దొంగిలించి తిన్నవాఁ డెవఁడురా?" యనెను. జకరయ్య నవ్వఁబోయెను గాని నవ్వు రాలేదు.

అంతట అయ్యగారు సాక్ష్యములు చెప్పువారు చెప్పవచ్చుననెను. చాపపైనుండి దీనమ్మ గోడ పట్టుకొని లేచెను.

"దేవునికి స్తోత్రము. నేఁడు వెనుకసీటువారి పండుగ యని విని బయలుదేఱితిని. దారిలో నల్లముసుఁగువాఁ డొకఁడు ముందు పోవుచు నన్నుఁ జూచియు నిలువఁడయ్యెను. బండిపైఁ గూర్చున్న తీరు చూచి మా జకరయ్యయే యనుకొంటిని. రెండు మైళ్లును వానిని మనసులోఁ దిట్టుచునే నడచితిని. ఇచ్చటికి వచ్చి వాఁడు దేవుని మాటలు చదువుచుండఁగా విని సిగ్గుపడితిని. మా జకరయ్య యైనచో నిలువకుండునా? నాయనా, ముసలిదాని కన్నులు మసకలు. నన్ను క్షమింపుము."

స్త్రీలు స్తోత్రమనిరి. ముందు పోయినవాఁ డెవఁడో యెఱిఁగిన యిరువదియైదుగురును గోట్ల గుండీలు చూచుకొనుచుండిరి. వారిలో నామెకొఱకు నిలిచినవాఁ డొక్కఁడును లేఁడు. ఒక్కమాట పలుకకున్న జకరయ్య గౌరవమునకు వెండ్రుకవాసియైనఁ గొఱఁత రాదు. తలయూఁపి చేతులు జోడించినఁ జాలును. ఆమె క్షమాపణమును దయతో స్వీకరించిన పుణ్యాత్ముఁడని ఊరెల్లఁ జెప్పుకొనును. ఆ తలఁపు తనకుఁ దట్టినందులకే యాతని చెవులు కాలిపోయెను. అతఁడు లేచి నిలిచెను.

"అవ్వా! ఆ ముసుఁగువాఁడను నేనే. గుర్తుపట్టియే పోయితిని. దర్శనమును నాకుఁ గలుగలేదు. నాఁడు నీవు పిలిచితివి. అంతియే."

దీనమ్మ గోడ పట్టుకొని మరల చాపపైఁ గూర్చుండెను. అయ్యగారు ముగింపుప్రార్థన చేసెను.

ప్రాంగణమున నామె యాతని బండిచుట్టును దిరిగి చూచి తాటిమట్టతో దానిని దట్టి "ఏమిరా, ఈ గుఱ్ఱమునకు వెనుకభాగ మెవఁడు కోసికొనిపోయెను?" అనెను. మోషే ముందుకు వచ్చి "అవ్వా, మా తమ్ముని బండి తెచ్చెదను. దానికి సీటున్నది" యనెను.

"వలదు నాయనా. నడచి వచ్చితిని. నడచియే పోయెదను. వీఁడును రానీ. ఆ దారిలో నెన్ని గుంటలున్నవో వీనికిఁ దెలియదు."

జకరయ్య బండిని నడిపింపలేదు. దానిని ద్రోసికొనుచు గేటు దాఁటించి వేపచెట్టుక్రింద వట్టిసీటుల చోట నిలిపి హెల్మెట్టును దానికిఁ దగిలించి వచ్చి యామెకు భుజ మిచ్చెను.

మధ్యాహ్నపుటెండ మిరపకల్లములపై మండుచుండెను. పది యడుగులకొకసారి యామె నిలుచును. నిలిచినప్పుడెల్ల నాతఁడును నిలుచును. బండిపై నాలుగు నిమిషములలో దాఁటిన బాట కొకమైలు నడచునప్పటికే యంతము లేనట్లు తోఁచెను. పదియేండ్లుగా నిన్నిసార్లు నిలిచి నడచిన ముసలిదానిని దాఁటిపోవుటకుఁ దనకుఁ గావలసిన ధైర్యమెంత చౌకగా దొరకెనో యని యాతఁడు నేల చూచుచు నడచెను.

అంతలో నెండ తలపైఁ దగ్గెను. చూడఁగా దీనమ్మ తన తాటిమట్టను దనపైనుండి తీసి యాతని నెత్తిపైఁ బట్టుచుండెను.

"వలదవ్వా. నీవు పట్టుకొనుము."

"ఊరకుండుము. టోపీ యచ్చట వదలి వచ్చితివి గదా. నెత్తి మాడును."

మేలు మఱచినవాని శిరస్సుపై నా మేలు చేసిన చేయియే మరల నీడయగుటకంటెఁ గఠినమైన శిక్ష లేదు. మట్ట చిఱుగులనుండి యెండ చుక్కలుగాఁ గోటుపైని గరుడపక్షిపైఁ బడుచుండెను. ఆ పలుచని నీడ హెల్మెట్టుకంటె బరువై తోఁప జకరయ్య దానిక్రింద మెడవంచి యామె యడుగునకుఁ దన యడుగు సరిపఱచుకొనుచు మైలుఱాతివైపు నడచెను.